పాత నమూనా విమానపు ఇంజను

నాగారమునకు కొద్ది దూరములోనే హకీంపేట వైమానిక స్థావరమున్నది. ఆకాశమున విమానమును చూచిన విద్యార్థికి తానొక నమూనాను ఎగురవేయవలెనని తోచుట సహజము. కొత్త ఇంజను వెల ఎక్కువ. వాడి విడిచినది చౌక. కాని అది తరచుగా కదలక బిగిసియుండును. అది చెడినట్లేనా?

చాలసార్లు కాదు. బిగింపునకు కారణము మన మెట్ట పొలములలో పండు ఆముదమే! ఈ ఇంజనులలో పెక్కింటికి ఇంధనము మిథనాలు. ఖనిజ నూనెలు మిథనాలులో కరగవు, ఆముదము కరగును. కనుక దానినే కందెనగా కలుపుదురు. 1914–18 యుద్ధకాలపు రోటరీ విమాన ఇంజనులకును దీనినే వాడిరి. ఏండ్ల తరబడి గాలి సోకినచో ఇది ఆక్సిజనుతో కలిసి బంకవలె గట్టిపడును.

అప్పుడు పంకను బలవంతముగా త్రిప్పరాదు. లోపలి కడ్డీ వంగును. ఇంధనపు జాడ లేకుండ తుడిచి, వేడిగాలి తగిలించి, పలుచని నూనె పోసి, ఒక రాత్రి ఉంచవలెను.

బంక వదలిన పిదప పంకను వేలితో త్రిప్పుడు. పిస్టను పైకొసకు చేరునప్పుడు గాలి ఎదురుతన్నవలెను. ఈ ఇంజనులో నిప్పురవ్వ లేదు. ప్లగ్గులోని ప్లాటినపు తీగ వేడియు, గాలి ఒత్తిడియు కలిసియే ఇంధనమును మండించును. ఒత్తిడి లేనిచో మంట లేదు.

అయితే బంకయే సందులను మూసి, అరిగిన ఇంజనును మంచిదిగా చూపవచ్చును. కావున కొనునప్పుడు పొగ వెడలు రంధ్రములోనుండి పిస్టనుపై నిలువు గీతలున్నవేమో చూడుడు. ప్లగ్గును, బేరింగును మార్చవచ్చును. అరిగిన పిస్టను, సిలిండరు జత దొరకుట కష్టము. బిగిసిన ఇంజనుకు నడచుదాని వెల ఈయకుడు.

మిథనాలు విషము, సులభముగా అంటుకొనును. ఉపాధ్యాయుని ఎదుటనే ఇంజనును నడుపుడు.