ఉబ్బసము – నిద్ర

‘గురకపెట్టి నిద్రపోవడ’మంటే గాఢనిద్ర అని తెలుగువారి వాడుక. వైద్యశాస్త్రం ఈ భావనను పూర్తిగా అంగీకరించదు. గురక కొన్నిసార్లు సుఖనిద్రకు కాక, ఊపిరి పడే యాతనకు సూచన కావచ్చు. ఉబ్బసరోగుల విషయంలో దీనిని ఉపేక్షింపరాదు.

ఉబ్బసం ప్రాచీనులెరిగిన వ్యాధియే. చరకసంహిత శ్వాసరోగాలను ఐదు విధాలుగా విభజించి, ఉబ్బసానికి సన్నిహితమైన దానిని ‘తమకశ్వాస’ అన్నది. పడుకొంటే ఆయాసం పెరగడం, కూర్చుంటే ఉపశమించడం, మబ్బు, చలి, తూర్పుగాలి వేళల్లో వ్యాధి ప్రకోపించడం దాని లక్షణాలు. చీరాల చెంతనున్న వాడరేవు వంటి తీరగ్రామాలలో ఈశాన్య ఋతుపవన కాలాన మబ్బూ చెమ్మా కలిసే వస్తాయి. అందువలన రాత్రివేళ ఊపిరాడకపోతే నేరమంతా సముద్రపు గాలిపై మోపడం సహజం. కాని కారణం గొంతులోనూ ఉండవచ్చు.

ఉబ్బసంలో ఊపిరితిత్తులలోని శ్వాసనాళాలు వాచి ఇరుకవుతాయి. ‘స్లీప్ ఆప్నియా’ అనే వ్యాధిలో నిద్రవేళ గొంతు కండరాలు సడలి, గాలి దారి మూసుకొంటుంది. పది సెకన్లు, అంతకు మించి శ్వాస ఆగుతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గగా, మెదడు ఉలికిపడి మేల్కొల్పుతుంది. తీవ్రదశలో గంటకు 30 సార్లు, అంతకంటె ఎక్కువగా ఇట్లు జరుగుతుంది.

ఈ రెండు వ్యాధులు పరస్పరం పోషించుకొంటాయి. శ్వాస ఆగినప్పుడు ఛాతీలో పుట్టే ఒత్తిడి జీర్ణాశయంలోని ఆమ్లాన్ని పైకి లాగుతుంది; అది శ్వాసనాళాలను రేపుతుంది. ముక్కుదిబ్బడ, స్థూలకాయం రెండింటికీ తోడ్పడతాయి. స్టెరాయిడ్ మాత్రలను దీర్ఘకాలం మింగితే బరువు పెరిగి గొంతు మరింత ఇరుకవుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో జరిగిన అధ్యయన ఫలితాలు 2015లో వెలువడినవి. మొదట ఆప్నియా లేనివారిని నాలుగేళ్ల తర్వాత పరీక్షింపగా, ఉబ్బసమున్నవారిలో 27 శాతానికి, లేనివారిలో 16 శాతానికి ఆ వ్యాధి కనిపించినది.

చీకటితో వేటకు వెళ్లే మత్స్యకారునికి, మిరప బస్తాలతో గుంటూరు యార్డుకు సాగే లారీ డ్రైవరుకు పగటి కునుకు ప్రాణాంతకం కాగలదు. మందులు వాడుతున్నా తగ్గని ఉబ్బసం, పెద్ద గురక, ఉదయపు తలనొప్పి, పగటి నిద్రమత్తు కలిసి కనిపిస్తే వైద్యుని సలహాపై నిద్ర పరీక్ష చేయించుకోవాలి. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివాన్ 1981లో వెల్లడించిన సీపాప్ విధానం, ముక్కుద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతును తెరచి ఉంచుతుంది. ఇన్‌హేలరును మాత్రం సొంతంగా మానరాదు.

నిద్రించేవాడు తన గురకను తానెరుగడు. మధ్యలో ఆగిన ఊపిరిని గమనింపగలిగినది పక్కనున్న ఆత్మీయులే. ఆ గురకను పరిహాసంతో విడువక, వైద్యునికి తెలియజేయడం వారి బాధ్యత.