పౌరుషానికి పాడొద్దు, లెక్కకు పాడు

ఇరవై ఏండ్ల కిందట మా ఊరి చింతచెట్ల వేలంలో నేనూ పాట పాడినా. కాపు చూసుకోని, ఎనిమిది వేలు దాటకూడదని ఇంట్లో అనుకోనే పోయినా. ఎదురు పాడేటోడు నా పక్క చూసి నవ్వినాడు. అంతే. తొమ్మిది, పది, పదకొండు... 'మూడోసారి' అనేపాటికి పద్నాలుగు వేలకు చెట్లు నా నెత్తిన పడినాయి. పండంతా అమ్మితే తొమ్మిది వేలు గూడా రాలే. మా యమ్మ కమ్మలు కుదువకు పోయినాయి.

ఆ యేడే సుండిపెంటలో ఒక పెద్దాయన దగ్గర బ్రిడ్జి ఆట నేర్చుకున్నా. శ్రీశైలం డ్యాం కట్టేటప్పుడు పనికొచ్చి, ప్రాజెక్టు కాలనీలోనే నిలిచిపోయినాయన. నా కత విని, "నువ్వు చెట్లకు పాడలేదు నాయనా, ఆ నవ్వుకు పాడినావు" అన్నాడు. ఆ మాట నాకు పూర్తిగా అర్థమయ్యేదానికి రెండేండ్లు పట్టింది.

పేకాట గురించి రాస్తాండాడేమని తిట్టుకోవద్దండి. ఫోన్లో రమ్మీ ఆడి అప్పులపాలైన పిల్లోళ్ళ ఇండ్లకు నేనూ పోయినా, ఆ తల్లుల ముందర కూర్చున్నా. డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను 2020లో మన రాష్ట్రం నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం తెచ్చింది. మంచిదే. నేను చెప్పేది పైసా పెట్టని ఆట గురించి. 1967లో సికింద్రాబాదు క్లబ్బు రమ్మీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్తా, మూడుముక్కలాట ఉత్త అదృష్టమనీ, రమ్మీలో ముక్కలు పడే అదృష్టం బ్రిడ్జిలో ఉండేలాంటిదేననీ అనింది. అంటే, బ్రిడ్జి తెలివితో ఆడే ఆటని ఆ జడ్జీలకు వేరే చెప్పే పనిలేకపోయింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మనదేశానికి బ్రిడ్జిలో బంగారు పతకం తెచ్చినోళ్ళు ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్. అప్పటికి ఒకాయనకు 60 ఏండ్లు, ఇంకొకాయనకు 56.

ఆట ఇట్లుంటాది. నలుగురు కూర్చుంటారు. ఎదురెదురు కూర్చున్న ఇద్దరూ ఒక జోడు. తలా 13 ముక్కలు. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే అది ఒక పట్టు. అట్ల మొత్తం 13 పట్లు. ముక్కలు వేసే ముందరే పాట జరుగుతాది. "మేము ఇన్ని పట్లు తెస్తాం, తురుపు ఇది" అని పాడల్ల. మొదటి ఆరు పట్లు లెక్కలోకి రావు. 'ఒక ఇస్పేటు' అంటే ఏడు పట్లు, 'నాలుగు ఇస్పేట్లు' అంటే పది పట్లు. ఒకరు పాడినాక వరసగా ముగ్గురు 'పాస్' అంటే పాట ముగిసినట్టు. మన వేలంలో మూడోసారి మాదిరే. పాడినన్ని తేలేకపోతే జుర్మానా. ఈ లెక్కల పద్ధతిని అమెరికాలో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే ఆయన 1925లో కుదిర్చినాడు.

వేలంపాటకూ దీనికీ తేడా ఏందంటే, ఇక్కడ నీ పాటను నీ జోడీదారుడు వింటాంటాడు. ఆయన ముక్కలు నీకు కనపడవు, నీవి ఆయనకు కనపడవు. నీ పాటే నీ చేతిలో ఏముందో ఆయనకు చెప్పే మాట.

చేతిని లెక్కగట్టేది సులువే. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. పేక మొత్తానికి 40. ఇద్దరికీ కలిపి 25, 26 ఉంటే పది పట్ల పాటకు పోవచ్చని వాడుక.

ఇప్పుడు నీ జోడీదారుడు 'ఒక ఇస్పేటు' అన్నాడనుకో. అంటే ఆయన దగ్గర ఐదో, అంతకన్నా ఎక్కువో ఇస్పేట్లున్నాయి, దగ్గర దగ్గర 12 పాయింట్లో, ఆ పైనో ఉన్నాయి. నీ చేతిలో ఇస్పేటు రాజు, 8, 4. ఆఠీను రాణి, జాకీ, 3. డైమను జాకీ, 6, 5. కళావరు 8, 7, 4, 2. మొత్తం 7 పాయింట్లు. 'రెండు ఇస్పేట్లు' అని ఊరుకోవల్ల.

ఇంకో చెయ్యి చూడు. ఇస్పేటు రాజు, 8, 4, 2. ఆఠీను ఒక్క 7. డైమను ఆసు, 9, 6, 5, 3. కళావరు 10, 7, 4. ఇదీ 7 పాయింట్లే. అయితే ఆఠీను ఒక్కటే ఉంది. అది పోయినాక ఎదుటోళ్ళు ఆఠీను వేస్తే నువ్వు తురుపుతో కోస్తావు. తురుపు నాలుగుంది. అందుకని ఇంకో 3 కలుపుకో, 10 అయింది. ఇప్పుడు 'మూడు ఇస్పేట్లు' అనల్ల. దాని అర్థం: "నా దగ్గర కొంచెం బలముంది. నీ దగ్గర ఎక్కువుంటే నాలుగుకు పో, లేకుంటే ఆపు."

కొత్తగా క్లబ్బుకు వచ్చేటోళ్ళు ఈడనే తప్పుతారు. ఒకడు ఏడే గదా అని అణిగి పాడతాడు. ఇంకొకడు ఎదుటోళ్ళ మీద కసితో నేరుగా నాలుగుకు ఎగరతాడు. ఇద్దరూ జోడీదారునికి అబద్ధం చెప్పినట్టే.

ఇంక ఆయన వంతు. ఆయన దగ్గర 14 ఉన్నాయి. రెండూ కలిస్తే 24. పోవల్నా, ఆగల్నా? జుర్మానా ఎక్కువుండే వల్నరబుల్ ఆటే అనుకుందాం. నాలుగు పాడి పది పట్లు తెస్తే 620. మూడుతో ఆగి పదే తెస్తే 170. లాభం 450. నాలుగు పాడి తొమ్మిదే తెస్తే 100 పోతాది. మూడుతో ఆగింటే 140 వచ్చేది. నష్టం 240. జట్ల పోటీలో ఈ తేడాలను మార్కుల కింద మారిస్తే లాభానికి 10, నష్టానికి 6. అంటే పదిసార్లలో నాలుగుసార్లు గెలిచే వీలున్నా పాడొచ్చు. జోడీల పోటీలో ఎంత తేడాతో గెలిచినావని చూడరు, పక్క టేబుల్ కన్నా మేలా కాదా అనేదే చూస్తారు. అక్కడ సగానికి సగమన్నా నమ్మకముంటేనే పోవల్ల. ముక్కలు అవే, పోటీ మారితే నిర్ణయం మారుతాది.

క్లబ్బు పోటీల్లో ఒక టేబుల్ మీద ఆడిన ముక్కలనే అట్లే పక్క టేబుల్‌కు పంపుతారు. అందరికీ అవే చేతులు వస్తాయి. కాబట్టి "నాకు ముక్కలు పడలేదు" అనే సాకు చెల్లదు. నువ్వేం చేసినావో అదొక్కటే మిగులుతాది.

నాకు అన్నిటికన్నా నచ్చిన రూలు ఇంకోటుంది. జోడీదారునికి కన్ను కొట్టకూడదు, దగ్గకూడదు, గొంతు మార్చకూడదు. అందుకే క్లబ్బుల్లో పాటను నోటితో చెప్పకుండా అట్టముక్కలు తీసి టేబుల్ మీద పెడతారు. మీ ఇద్దరికీ ఒక పాటకు ప్రత్యేకమైన అర్థముంటే, ఎదుటోళ్ళు అడిగినప్పుడు దాచకుండా చెప్పల్ల. మన ఊర్లలో చెరువు చేపల పాట, సంత గేటు పాట ఎట్ల జరుగుతాయో మీకు తెలుసు. చాలాచోట్ల ముందురోజు రాత్రే నలుగురు కూడబలుక్కుంటారు. పొద్దున పాట ఉత్త నాటకం. పంచాయతీకి రావల్సిన దుడ్లు రింగు జేబులోకి పోతాయి. పేక పట్టినోళ్ళు పాటించే నియమాన్ని, ప్రజల సొమ్ము పాడుకునేటోళ్ళు పాటించరు. ఈ ఆట నేర్చుకున్న పిల్లోడు ఆ గుంపులో నిలబడితే, రింగు యాడుందో చిటికెలో కనిపెడతాడు. అడిగే నోరు గూడా రావల్ల.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! నలుగురు, ఒక పేక ఉంటే చాలు. ఫోన్లో డబ్బులాటలు తీసెయ్యండి, అరుగు మీద కూర్చోని ఇది ఆడండి. ఇంట్లో బోరు వేయిద్దామన్నా, పెండ్లికి అప్పు తెద్దామన్నా, పొలం కౌలుకు పాడుదామన్నా, పాడే ముందు మూడు అడగండి. నా చేతిలో ఏముంది? నా జోడు ఏం చెప్పింది? తప్పితే ఎంత పోతాది? మా యింట్లో ఆ జోడు మా యమ్మ. ఎనిమిది వేలు దాటొద్దని ఆమె ఆ పొద్దే పాడింది. నేనే వినలే.