ఉదజని బంధం బలమెంత?

కొల్లూరు ప్రాంతపు లంకభూముల్లో పసుపు పండుతుంది. పసుపులో కాస్త తడిసున్నం కలిపితే ఎర్రని పారాణి తయారవుతుందని మన పిల్లలందరికీ తెలుసు. ఈ రంగు మార్పు వెనుక ఒక పెనుగులాట ఉన్నది. పసుపులోని కుర్కుమిన్ అణువులో కొన్ని ఉదజని (హైడ్రోజన్) పరమాణువులు ఆమ్లజనిని అంటిపెట్టుకొని ఉంటాయి. సున్నంలోని హైడ్రాక్సైడు ఆయానుకు క్షారగుణం ఎక్కువ. అది ఉదజని కేంద్రకాన్ని, అనగా ప్రోటానును, లాగుకొని నీరుగా మారుతుంది. ప్రోటానును పోగొట్టుకొన్న కుర్కుమిన్ ఎర్రబడుతుంది.

మరి, క్లోరైడు వంటి క్షారగుణం తక్కువైన ఆయాను దగ్గరకు వస్తే? ప్రోటాను తన చోటు విడువదు. అయినా ఆయాను వైపు మొగ్గుతుంది. ఈ ఆకర్షణే ఉదజని బంధం. దీని బలాన్ని కొలవటం ఎట్లా?

నీటి ద్రావణంలో కొలవబోతే నీటి అణువులే ఆయానును చుట్టుముట్టి అడ్డు వస్తాయి. అందుచేత కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో పాల్ కెబార్లే, ఆయన సహచరులు ఆయానులను ఆవిరిలోనే పరీక్షించారు. అల్పపీడనంలో ఉన్న ఆవిరిలో కొన్ని ఆయానులు ఒంటరిగా ఉంటాయి. కొన్ని ఒక్కొక్క అణువుతో జతకట్టి ఉంటాయి. మాస్ స్పెక్ట్రోమీటరు ఈ రెండు రకాలనూ బరువును బట్టి వేరుచేసి లెక్కిస్తుంది. ఆ నిష్పత్తి, ఆవిరి పీడనం తెలిస్తే సమతాస్థితి స్థిరాంకం వస్తుంది.

వేడి పెంచినకొద్దీ జతలు విడిపోతాయి. వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద స్థిరాంకపు సహజ సంవర్గమానాన్ని, నిరపేక్ష ఉష్ణోగ్రత వ్యుత్క్రమానికి ఎదురుగా గీస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. దాని వాలును వాయు స్థిరాంకం 8.314తో గుణిస్తే బంధశక్తి మోలుకు ఇన్ని జౌళ్ళని తేలుతుంది. బంధం బలమైనకొద్దీ రేఖ నిటారుగా ఉంటుంది.

ఫలితాలు చూడండి. రెండు నీటి అణువుల జతను విడదీయటానికి మోలుకు సుమారు 13 కిలోజౌళ్ళు చాలు. క్లోరైడు, నీరు జతకు 60, క్లోరైడు, మిథనాలు జతకు 70 ప్రాంతం కావాలి. ప్రోటానును మరింత వదులుగా పట్టుకొనే ఫీనాలుతో ఇంకా ఎక్కువ. ఫ్లోరైడు ఆయాను, హైడ్రోజన్ ఫ్లోరైడు జతకు సుమారు 160 కావాలి! అక్కడ ప్రోటాను రెండు ఫ్లోరిన్‌ల నట్టనడుమ నిలుస్తుంది. రెండు పక్షాల లాగుడు సరితూగినచోటే బంధం అత్యంత బలం. ఒకవైపు లాగుడు మరీ మించితే ప్రోటాను అటు వెళ్ళిపోతుంది. అదే పారాణి కథ.

ఈ కొలమానపు బలహీనపు కొసను పరిశోధించినవారిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పనిచేసిన గౌతమ్ దేశిరాజు ఒకరు. బొగ్గుపులుసు మూలకమైన కర్బనానికి అంటిన ఉదజని సైతం ఇట్టి బంధాలు ఏర్పరచగలదని ఆయన చూపారు. 2011లో వెలువడిన అంతర్జాతీయ నిర్వచనాన్ని రూపొందించినవారిలో కూడా ఆయన ఉన్నారు.

తరగతిలో ఎర్రబడిన పసుపునీటిలో నిమ్మరసం పిండి చూపండి. ప్రోటాను తిరిగి వస్తుంది. పసుపు మళ్ళీ పసుపే!