పాటకు దండం.. పాడిన మనిషికి దూరం!

ఆదోని, ఎమ్మిగనూరు: దేవర రోజున డప్పు మోగుతుంది. పసుపు కుంకుమల మధ్య, వేపమండలు పట్టుకుని పూనకం వచ్చిన మనిషి ఊగుతుంటే ఊరి పెద్దలు సైతం చేతులు జోడించి నిలబడతారు. అక్కడ అమ్మవారి పాట ఎత్తుకునే గొంతు చాలాచోట్ల ఆడదానిదే. దేవర ముగిసి పందిరి విప్పిన మరునాడు ఆ పాట పాడిన మనిషికి ఊళ్లో దక్కే మర్యాద ఎంత? జిల్లా పడమటి పల్లెలు జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇది.

అమ్మవారి పాటలు మాత్రం కొత్తవి వస్తూనే ఉన్నాయి. ఏటా ఆషాఢమాసం వచ్చేసరికి బోనాల పాటలు సెల్‌ఫోన్లలోకి దిగుతాయి. ఆటోల్లో, జాతర మైకుల్లో అవే మోగుతాయి. పాత పాట నుంచి కొత్త పాట దాకా ముందు నిలబడి పాడిన స్త్రీ బతుకు ఎంతవరకు మారిందన్నదే చూడవలసిన విషయం.

చౌడిక మీటిన చేతులు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనే ఉండేవి. ఎమ్మిగనూరు అప్పట్లో ఆదోని తాలూకాలోనిదే. రాష్ట్రాలు వేరైనా దేవతలు వేరు కాలేదు. హులిగి హులిగెమ్మకు, సవదత్తి ఎల్లమ్మకు సరిహద్దుకు ఇరుపక్కలా మొక్కేవారున్నారు. ఆదోనిలో రైలెక్కి గుంతకల్లులో మారి, బళ్లారి, హోస్పేట దాటితే వచ్చే మునీరాబాదు స్టేషను హులిగి గుడికి దగ్గర.

తలపై అమ్మవారి ముఖం పెట్టిన బుట్టతో జోగుకు వచ్చే జోగమ్మలను పెద్దవయసువారు ఎరుగుదురు. వారి పాటకు తోడు చౌడిక. గుల్లగా తొలిచిన కొయ్యకు ఒకవైపు తోలు మూసి, ఆ తోలు నడుమ నుంచి నరం లాగుతారు. చంకలో ఇరికించుకుని, నరాన్ని బిగిస్తూ వదులుతూ పుల్లతో మీటితే మనిషి గొంతులాగా మూలుగుతుంది. పక్కన శ్రుతి తంతి ఒకటి, తాళాలు. కథ రేణుకమ్మది. భర్త ఆజ్ఞపై కన్నకొడుకే తల నరికితే, మళ్లీ లేచి దేవతగా నిలిచిన తల్లి కథ అది.

దేవత పేరిట బందిఖానా

ఈ పాట వెనుక ఒక చేదు నిజం ఉన్నది. పాడిన వారిలో అనేకులు ఇష్టపడి పాడినవారు కారు. చిన్నతనంలోనే దేవతకు ‘విడిచిన’ పిల్లలు. మగబిడ్డ లేని ఇంట ఆస్తికి, కర్మకాండకు దిక్కు కావాలని కూతురిని బసివిగా విడిచేవారు. జబ్బు నయమైతే బిడ్డను విడుస్తామని మొక్కుకునేవారూ ఉండేవారు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ దొర గ్రంథంలోనే బళ్లారి సీమ బసివిల ప్రస్తావన ఉన్నది.

అలా విడిచిన పిల్లకు పెళ్లి లేదు. దేవర నాడు ఆమె దేవత. మరునాటి నుంచి ఊళ్లో బలమున్న మగవాడి సొత్తు. పుట్టిన బిడ్డలకు తండ్రి పేరు ఉండదు. ఈ బిడ్డల్లో అధికులు నిరుపేద దళిత కుటుంబాలవారే కావడం గమనార్హం.

మద్రాసు రాష్ట్రంలో 1947లోనే దీనిని నిషేధించారు. ఆంధ్రప్రదేశ్ 1988లో మళ్లీ ప్రత్యేక చట్టం చేసింది. బసివి, జోగిని, మాతమ్మ వంటి పేర్లన్నీ ఆ చట్టంలోనే ఉన్నాయి. ఏ పేరుతో విడిచినా నేరమే. తాళి కట్టించినవారూ, దగ్గరుండి జరిపించినవారూ శిక్షార్హులే. కన్నవారికీ మినహాయింపు లేదు.

రాష్ట్రపతికే దిష్టి తీసిన జోగతి

పొరుగునే ఉన్న బళ్లారి సీమలో పుట్టిన మంజమ్మ జోగతి జీవితం ఈ కళలోని రెండు ముఖాలనూ చూపుతుంది. మగబిడ్డగా పుట్టి ఆడమనిషిగా బతకాలనుకున్నందుకు ఇంటివారు 1975లో హులిగెమ్మ సన్నిధిలో ఆమెను జోగప్పగా విడిచారు. తరువాత ఇంట చోటు లేకపోయింది. చీరకట్టుతో వీధుల్లో బిచ్చమెత్తిన రోజులున్నాయి. ప్రాణం తీసుకోబోయిన రోజూ ఉన్నది. దావణగెరెలో తండ్రి పాడుతుండగా కొడుకు తలపై బిందె నిలిపి ఆడటం చూసి ఆమె జోగతి నృత్యం నేర్చుకున్నారు. కాళవ్వ జోగతి బృందంలో చేరి, ఆమె అనంతరం తానే బృందాన్ని నడిపించారు.

2010లో కర్ణాటక రాజ్యోత్సవ పురస్కారం లభించింది. 2019లో ఆ రాష్ట్ర జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ నవంబరులో రాష్ట్రపతి భవనంలో పతకం అందుకునే ముందు నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌కు చీర కొంగుతో దిష్టి తీశారు. ఒకనాడు గడప బయట నిలబెట్టిన మనిషి దేశపు తొలి గడపలో దీవెన ఇచ్చి రావడం విశేషం.

గుత్తి తండా గొంతు

మరొక దారి మంగ్లీది. అసలు పేరు సత్యవతి. అనంతపురం జిల్లా గుత్తి మండలం బసినేపల్లి తండాలో లంబాడీ కుటుంబంలో పుట్టారు. తిరుపతిలో సంగీతం నేర్చి, టీవీలో యాసతో మాట్లాడి, ఆపై పాటతో పేరు తెచ్చుకున్నారు. బోనాలకు, శివరాత్రికి ఏడాదికో కొత్త పాట విడుదల చేయడం ఆమెకు ఆనవాయితీ అయింది. డప్పుల హోరును దాటి గొంతే ముందు వినబడటం ఆ పాటల తీరు.

2021లో ఆమె బోనాల పాటలోని ఒక పదంపై దుమారం రేగింది. అమ్మవారిని కించపరిచారని కొందరు ఆక్షేపించారు. అది ఊరిపెద్ద అనే అర్థమున్న పల్లె మాటేనని ఆమె వివరించారు. చివరకు ఆ పదం మార్చి మళ్లీ విడుదల చేశారు. ఆమెను ఎవరూ దేవతకు విడవలేదు. పాట ఆమె వృత్తి. దానిపై ఆమె పేరున్నది, దానికి కూలి వచ్చింది. తేడా ఇక్కడే ఉన్నది.

అమెరికాలోనూ గోలే

స్త్రీ ముందు నిలబడి మంత్రశక్తుల పాట పాడితే భయపడటం మన పల్లెల్లోనే కాదు. అమెరికాలో ‘కోవెన్’ అనే రాక్ బృందం ఉన్నది. ఆ మాటకు మంత్రగత్తెల గుంపు అని అర్థం. జింక్స్ డాసన్ అనే ఆమె దాని గాయని. గిటార్ల హోరులో చేతబడి, దయ్యాల పూజ పాటలుగా 1969లో రికార్డు తెచ్చారు. దయ్యపు పూజ తంతు ఒక్కటే అందులో 13 నిమిషాలు సాగుతుంది. పత్రికల్లో గోల లేవగానే దుకాణాల నుంచి ఆ రికార్డును వెనక్కు తీసుకున్నారు. అదే బృందం పేరిట 1971లో యుద్ధం వద్దనే పాట వస్తే జనం మెచ్చుకున్నారు.

ఆ బాణీ అంతరించలేదు. కెనడాలోని ‘బ్లడ్ సెర్మనీ’ బృందంలో అలియా ఓబ్రయన్ పాడుతూ వేణువు కూడా ఊదుతారు. 2023లో ఆ బృందం కొత్త పాటలు తెచ్చింది. పాత పద్ధతులు నిలిచే ఉన్నాయని దాని పేరుకు అర్థం. ఆమెను నచ్చినవారు వింటారు, నచ్చనివారు మానుకుంటారు. పాట దిగగానే ఆమె తన ఇంటికి తాను వెళ్లిపోతుంది.

పేరు చెప్పాలి, కూలి ఇవ్వాలి

జోగమ్మల పాట పోవాలని ఎవరూ కోరరు. ఆడపిల్లను విడిచే ఆచారం పోవాలి. పాట నిలవడానికి పిల్లను బలిపెట్టనక్కరలేదని మంగ్లీ జీవితమే చెబుతున్నది. కళకు మర్యాద ఇస్తే బతుకు మారుతుందని మంజమ్మ జీవితం చెబుతున్నది.

జాతరల్లో పాడే ముసలి జోగమ్మల పాటలను ఇప్పుడు కుర్రవాళ్లు సెల్‌ఫోన్లలో పట్టి లోకమంతా పంపుతున్నారు. పాటతోపాటు పాడిన మనిషి పేరు, ఊరు ఆమె ఒప్పుకుంటే చెప్పడం ధర్మం. డప్పుల మేళానికి ఇచ్చినట్టే ఆమెకూ ముందుగా మాట్లాడి కూలి ఇవ్వాలి. 2024 జూలైలో పెంచిన పింఛన్లలో డప్పు కళాకారులు, ఒంటరి మహిళలు, ట్రాన్స్‌జెండర్లకు నెలకు రూ. 4,000 నిర్ణయించారు. అర్హత ఉండీ అందనివారు గ్రామ సచివాలయంలో విచారించుకోవాలి.

ఇక ఏ ఊళ్లోనైనా పిల్లను దేవతకు విడుస్తున్నారని తెలిస్తే పోలీసులకు గాని, 1098 నంబరుకు గాని చెప్పవచ్చు. అమ్మవారి పాట వింటూ దండం పెట్టే చేతులే ఆ ఫోను చేయవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.