బండి ఆగినా ఆగని కరెంటు

గిద్దలూరు నుంచి నంద్యాలకు రాత్రిపూట నల్లమల ఘాట్ దాటేవాళ్లకు అదనపు లైట్లు సోకు కాదు, అవసరం. అందుకే మార్కాపురం, కంభం వైపు కార్లకు ఫాగ్ లైట్లు, పెద్ద హారన్లు, డ్యాష్ క్యామ్‌లు బిగించుకుంటారు. అవి ఎంత కరెంటు లాగుతున్నాయో కొలిచి చూసేవాళ్లు మాత్రం తక్కువ. డబ్బా మీద వేసిన వాట్లనే నమ్మేస్తారు. నన్నడిగితే, మీటరు చెప్పిందే నమ్మాలి.

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండు వెలిగితే 110 వాట్లు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వోల్టేజి 13.8 ఉందనుకుంటే దాదాపు 8 ఆంపియర్లు. కరెంటు రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. కాబట్టి సన్న వైరుతో, ఫ్యూజు లేకుండా లైట్లు బిగించడం ప్రమాదం.

ఇళ్ల వైరింగ్ చేసేవాళ్ల మామూలు క్లాంప్ మీటరు ఇక్కడ పనికిరాదు. అది ఏసీ కరెంటు చుట్టూ క్షణక్షణం మారే అయస్కాంత క్షేత్రాన్ని పసిగడుతుంది. బ్యాటరీది డీసీ, క్షేత్రం నిలకడగా ఉంటుంది, మీటరు సున్నా చూపిస్తుంది. డీసీ ఆంపియర్లు కొలిచే క్లాంప్ కావాలి. అందులో ఉండేది 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ప్రభావంతో పనిచేసే సెన్సర్. ముందు మీటరును సున్నాకు తెచ్చి, ఒక్క వైరునే దవడల మధ్య పెట్టాలి. రానుపోను వైర్లు రెండూ పెడితే వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

అసలు చిక్కు తాళం వేశాక మొదలవుతుంది. కారులోని కంప్యూటర్లు నిద్రలోకి జారడానికి అరగంట ఆగి, మల్టీమీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక్కో ఫ్యూజు నెత్తిన కనబడే రెండు లోహపు చుక్కలకు మొనలు ఆనించండి. ఏమీ విప్పనక్కర్లేదు. సున్నా అయితే ఆ దారిలో కరెంటు లేనట్టే. అంకె కదిలితే ఏదో లాగుతోంది; ఫ్యూజు నిరోధంతో ఆ అంకెను భాగిస్తే ఎంతో తేలుతుంది. బండి మొత్తానికి 50 మిల్లీ ఆంపియర్ల లోపయితే సాధారణంగా భయం లేదు.

పార్కింగ్ మోడ్‌లో ఉన్న డ్యాష్ క్యామ్ 250 మిల్లీ ఆంపియర్లు లాగిందనుకోండి. రోజుకు 6 ఆంపియర్-గంటలు. మార్కాపురం రోడ్ స్టేషన్ దగ్గర బండి పెట్టి అయిదు రోజులు ఊరెళితే 30. చిన్న కార్ల బ్యాటరీ సామర్థ్యం చాలావాటిలో 35 దాకానే. తిరిగొచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ పట్టుకోదు. ఆ కెమెరా వైరును ఇగ్నిషన్ లైనుకు మార్పించండి, లేదా వోల్టేజి పడిపోగానే సరఫరా ఆపేసే కటాఫ్ పెట్టించండి. మెకానిక్ వెళ్లేలోపే ఆ ఫ్యూజు మీద మరోసారి కొలవండి.