నిండని ట్యాంకు ముచ్చట

మా కోట్‌పల్లి దిక్కు ఇల్లు కట్టుకున్నోళ్లు గొప్పగ చెప్పుకునే మాట ఒకటుంటది. "పదిహేనేండ్లాయె, మా సెప్టిక్ ట్యాంకు ఇప్పటిదాంక నిండలే." నేను సుత గిట్లనే చెప్పుకుంట తిరిగిన. మొన్న పక్కింటి వదిన "బోరు నీళ్లు వాసనొస్తున్నయి తమ్మీ" అన్నంక అనుమానమొచ్చి, అప్పుడు కట్టిన మేస్త్రిని అడిగిన. ట్యాంకుకు అడుగే వెయ్యలేదన్నడు. "అడుగేస్తె జల్ది నిండుతది కాకా" అని మా నాయినకు చెప్పిండట. నాయిన సరే అన్నడు. వాసనకు మా ట్యాంకే కారణమని గట్టిగ చెప్పలేను గని, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే.

అసలు ట్యాంకు పని ఏంది? పాయఖానల కెళ్లి వచ్చిన నీళ్లను ఒకటి రెండు రోజులు కదలకుండ నిలబెట్టుడు. బరువున్నది అడుగుకు పోయి బురదైతది. నూనె, సబ్బు జిడ్డు తెట్టెలెక్క పైన తేలుతది. గాలి లేని ఆ చీకట్ల బతికే సూక్ష్మజీవులు బురదను కొంచెం కొంచెం తింటయి, గ్యాసు పైపులకెళ్లి బయటకు పోతది. నడుమ గోడ, బయటకు పోయే కాడ కిందికి వంచిన పైపు ఎందుకంటె, బురద, తెట్టె రెండూ పోకుండ మధ్యల నీళ్లే పోవాలె. మస్తు మంది ఫినాయిలు, యాసిడ్ బాగ పోస్తరు. ఆ జీవులు సచ్చిపోతే ట్యాంకు ఉత్త బొందే.

ఇంత చేసినా మురికి మూడోవంతు నుంచి సగం దాంకనే తగ్గుతది. బయటకొచ్చే నీళ్లు జెర తేటగ కనబడ్తయి గని, రోగాల క్రిములు అందుల ఉండనే ఉంటయి. అవి తగ్గేది ఆ తర్వాత, ఇంకుడు గుంతల. మట్టి సందులల్ల గాలి ఉంటది, అక్కడ వేరే రకం జీవులుంటయి. నీళ్లు మెల్లగ దిగుతుంటె అవి మురికిని తింటయి, మట్టి క్రిములను పట్టుకుంటది. అంటె సగం పని ట్యాంకుది, సగం పని నేలది. ట్యాంకు పైపును సీదా మోరిల కలిపినోళ్లు రెండో సగాన్ని వాడకట్టు మీదికి తోలినట్టే.

అడుగు లేని ట్యాంకుల ఏమైతదంటె, బురద నీళ్లు పైమట్టిని దాటేసి లోతుకే దిగుతయి. బోరుకు, గుంతకు కనీసం 15 మీటర్ల దూరం ఉండాలంటరు. అది మంచి మట్టి లెక్క. తాండూరు దిక్కు షాబాద్ బండ పొరలు, పొరల నడుమ పగుళ్లు. పగుళ్లల్ల పడ్డ నీళ్లు వడపోత లేకుండనే దూరం ఉరుకుతయి. నల్లరేగడైతే ఇంకో తిప్పలు, వానలల్ల ఉబ్బి నీళ్లే తాగదు.

కాబట్టి మంచి ట్యాంకు నిండుతది. రెండు మూడేండ్లకొకసారి బురద తీపియ్యాలె. లేకుంటె లోపల జాగ తగ్గి, నీళ్లు నిలబడకముందే పచ్చి మురికి బయటకొస్తది. తీసినంక దాన్ని ఏడ పోస్తరనేది ఇంకో ప్రశ్న. 2016ల వరంగల్ నగరపాలక సంస్థ దేశంలనే ముందుగ దీనికి నియమాలు పెట్టింది, బురదను శుద్ధి చేసే ప్లాంటు సుత పెట్టుకున్నది. నేను పిలిచిన ట్యాంకరు అన్నను "ఏడ పోస్తవే" అని అడిగితె నవ్విండు, చెప్పలే.

కొంతమంది 2017ల గంగదేవిపల్లి ముచ్చట తీస్తరు. కేంద్ర పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ గుంతల దిగి చేతులతోని ఎరువు తీసిండు గద, మనం దిగితే ఏందని. ఆడ ఉన్నది రెండు గుంతల పాయఖాన. ఒకటి మూసేసి ఏడాది ఆరబెడితె పొడి ఎరువైతది, వాసన ఉండదు. సెప్టిక్ ట్యాంకు గట్ల కాదు. లోపలి గ్యాసుకు మనిషి నిమిషాలల్ల పడిపోతడు, కాపాడదామని దిగినోడు సుత పోతడు. రక్షణ లేకుండ మనిషిని దింపుడు 2013 చట్టం ప్రకారం నేరం. ఇట్ల సచ్చిపోయినోళ్ల ఇంటికి 30 లక్షలియ్యాలని 2023ల సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు మా ఇంటి ముంగట పాత ట్యాంకు ఖాళీ చేపిచ్చి మూసేస్తున్నం. అడుగేసి, రెండు అరలతోని కొత్తది కడ్తున్నం, ఇంకుడు గుంతను వదినోళ్ల బోరుకు అవతలి దిక్కుకు జరిపినం. వాళ్ల నీళ్లు ఒక సీసల పట్టి పరీక్షకు పంపినం. ఫలితం వచ్చేదాంక వాళ్లు భగీరథ నల్లా నీళ్లే తాగుతున్నరు.