గోల్ఫ్ క్లబ్బుకో మోడల్ పేపర్

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో నాది పోటీపరీక్షల పుస్తకాల కొట్టు. గ్రూప్స్, ఎస్సై, బ్యాంకు... ఏ పరీక్ష రాసేవాళ్లయినా మా మెట్లెక్కుతారు. ఇరవై ఏళ్లుగా మోడల్ పేపర్లు అమ్మీ అమ్మీ, ఏ పని తలపెట్టినా ముందు ప్రశ్నలు రాసుకోవడం అలవాటైపోయింది. కొండాపూర్‌లో ఉండే మా బావమరిది ఫోన్ చేసి, "బావా, గోల్ఫ్ క్లబ్బులో ఫ్యామిలీ మెంబర్‌షిప్ తీసుకున్నాం, మీరూ చేరండి" అన్నప్పుడు కూడా కాగితం, పెన్ను తీశాను.

ఈ గోల్ఫ్ పిచ్చి మా ఇంట్లోకి వచ్చింది 2021 ఆగస్టులో. టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ ఒకే ఒక్క స్ట్రోక్ తేడాతో కాంస్యం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. ఆ శనివారం పొద్దున్నే టీవీ ముందు కూర్చున్న మా పాపకు ఆటకన్నా ఒక సంగతి బాగా నచ్చింది. అదితి సంచీ మోసిన క్యాడీ వాళ్లమ్మే! "నా సంచీ నువ్వు మోస్తావా అమ్మా?" అని అప్పటి నుంచీ మా ఆవిడ వెంట పడింది.

మన ఊళ్లో గోల్ఫ్ అంటే ముందు చెప్పుకోవలసినవి రెండు. గోల్కొండ నయాఖిల్లాలో, కుతుబ్‌షాహీల నాటి గోడల మధ్య, 'హాతియాన్ కా ఝాడ్' అనే బ్రహ్మాండమైన బావోబాబ్ చెట్టున్న చోట హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ ఉంది. గచ్చిబౌలి బండరాళ్ల నడుమ బౌల్డర్ హిల్స్ ఉంది. రెండూ 18 హోల్స్ మైదానాలే. ఇక క్లబ్బు అనగానే పాతకాలం వాళ్లకు గుర్తొచ్చే సికింద్రాబాద్ క్లబ్ 1878 నాటిది, నిజాం క్లబ్ 1884 నాటిది. ఎందులో చేరాలన్నా నా పేపర్ ఇదే.

మొదటి ప్రశ్న: ఆదివారం ఎంత మిగులుతుంది? 18 హోల్స్ పూర్తి చేయడానికి నాలుగు గంటలకు పైనే పడుతుంది, ఏడెనిమిది కిలోమీటర్ల నడక. మా పక్కనున్న చిక్కడపల్లి నుంచి గచ్చిబౌలి దాదాపు ఇరవై కిలోమీటర్లు. తెల్లవారుజామున కారు ఎగిరినట్టు వెళ్తుంది. పదిన్నరకు తిరుగు ప్రయాణంలో అదే దారి పాకుతుంది. మెట్రోలో వెళ్దామంటే పరేడ్ గ్రౌండ్‌లో రైలు మారాలి, అదీ గోల్ఫ్ సంచీ భుజాన వేసుకుని. అందుకే, 9 హోల్స్ ఆడి రెండు గంటల్లో బయటపడే వీలుందా అని అడగాలి.

రెండోది డబ్బు. ఇక్కడ సిలబస్ పెద్దది. ప్రవేశ రుసుము ఒక్కటే చూసి మురిసిపోకూడదు. అది తిరిగొస్తుందా, రాదా? జీఎస్టీ కలిపి చెప్పారా? ఏడాది చందా ఎంత, ఎన్నాళ్లకోసారి పెంచుతారు? తిన్నా తినకపోయినా నెలకింత బిల్లు కట్టాలన్న నిబంధన ఉందా? సభ్యుడైనా ఆడిన ప్రతిసారీ గ్రీన్ ఫీజు, క్యాడీ కూలీ ఇవ్వాలా? అత్తగారిని తీసుకెళ్తే అతిథి రుసుమెంత? ఇవన్నీ కలిపి, ఏడాదిలో నిజంగా వెళ్లగలిగే రోజులతో భాగించండి. వచ్చిన అంకె మీ ఇంట్లో గట్టిగా చదివి వినిపించగలిగేదైతే ముందుకెళ్లండి.

ఈ లెక్క నాకు ఊరికే రాలేదు. పదేళ్ల కిందట ఎగ్జిబిషన్‌లో ఒక కూపన్ నింపాను. బహుమతి వచ్చిందన్నారు, భార్యాభర్తలిద్దరూ రావాలన్నారు. ఏసీ గదిలో రెండు గంటలు కూర్చోబెట్టి, సభ్యత్వం తీసుకోమని, "ఈ రేటు ఈ ఒక్కరోజే" అన్నారు. కట్టిన అడ్వాన్సు మళ్లీ కళ్లజూడలేదు. నోటితో ఇచ్చిన మాటలేవీ కాగితంలో లేవు. ఇప్పుడైతే అలాంటి వాటికి 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే రెండేళ్లలోపు వెళ్లాలి. అంతకన్నా మేలు, నియమావళి ఇంటికి తెచ్చుకుని, ఒక రాత్రి నిద్రపోయాక సంతకం పెట్టడం.

మూడో ప్రశ్న పిల్లల గురించి. బంతి బరువు 46 గ్రాములు కూడా ఉండదు, కానీ దూసుకొచ్చి తగిలితే తల పగులుతుంది. కాబట్టి పిల్లలు సాధన చేసే చోటు వేరుగా ఉందా? వాళ్ల ఎత్తుకు సరిపడే కర్రలు అద్దెకిస్తారా? కోచ్ వారానికి ఎన్ని రోజులొస్తాడు? పిల్లలు ఏ వయసు దాటితే ఫ్యామిలీ కార్డులోంచి జారిపోతారు?

నాలుగోది మా ఆవిడ రాయించింది. సభ్యత్వం భర్త పేరునే ఉంటే, ఆయన లేకుండా భార్య ఒంటరిగా వెళ్లి ఆట సమయం బుక్ చేసుకోవచ్చా? ఆయన పోతే ఆ సభ్యత్వం ఎవరిది?

ఐదో ప్రశ్నకు మార్కులెక్కువ: ఆడనివాళ్లు ఆ నాలుగు గంటలూ ఎక్కడ కూర్చుంటారు?

బావమరిది అతిథులుగా ఒక ఆదివారం మేమంతా వెళ్లాం. పాప పటింగ్ గ్రీన్ మీద గంటసేపు కదల్లేదు. నేను పచ్చిక చూసి పరవశించాను. ఇంటికొచ్చాక మా అమ్మ కాళ్లకు నూనె రాసుకుంటూ అంది: "బాగానే ఉందిరా. బాత్రూముకి పదకొండు మెట్లు దిగాలి. ఎక్కేటప్పుడూ పదకొండే."

మేం చేరలేదు. పాపను నెలకు రెండు శనివారాలు డ్రైవింగ్ రేంజికి తీసుకెళ్తున్నాను. బకెట్ బంతులకు లెక్కగట్టి డబ్బిస్తే చాలు. సంచీ వాళ్లమ్మే మోస్తోంది. మా అమ్మ సాయంత్రాలు త్యాగరాయ గానసభలో, ఫ్యాను కింద, నచ్చిన కుర్చీలో కూర్చుని కచేరీ వింటోంది.

నా పేపర్ బావమరిదికి వాట్సాప్‌లో పంపాను. నాలుగింటికి గబగబా జవాబులిచ్చాడు. ఐదోది వదిలేశాడు. సాయంత్రం అతని భార్య మా ఆవిడకు ఫోన్ చేసింది.

"ఐదో ప్రశ్నకు జవాబు నేను చెప్తాను వదినా. ఇప్పటికి మూడు ఆదివారాలు కార్లోనే కూర్చున్నాను."